దగ్గరి దారి, అడ్డదారి

తెలుగులో చిన్న త్రోవకు రెండు పేర్లున్నవి. ఒకటి దగ్గరి దారి, రెండవది అడ్డదారి. సుల్తానాబాద్ చుట్టుపక్కల పల్లెలలో పెరిగిన వారికి ఈ రెంటి భేదం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. బడికి ఆలస్యమైన పిల్లవాడు కాలువ గట్టు పట్టుకొని పోతే అది దగ్గరి దారి. ఆ గట్టు మీద పదిమంది నడిచిన జాడ ఉంటుంది. వెనుక వచ్చేవాడు ఆ జాడను చూచి నడవగలడు. అదే పిల్లవాడు ఒకరు నాటు వేసిన మడిలో దిగి పోతే అది అడ్డదారి. తాను సమయానికి బడికి చేరతాడు గాని, మడివానికి నష్టం మిగులుతుంది. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసే విద్యలోనూ ఈ రెండు త్రోవలున్నవి. వాటి భేదం తెలియక ఒకప్పుడు నేను చేసిన తప్పును, దానివల్ల నేర్చిన పాఠాన్ని ఈ సంచిక ద్వారా విద్యార్థి మిత్రులకు నివేదించాలని నా కోరిక.

కంప్యూటరు శాస్త్రం చదవని మిత్రుల కొరకు మొదట కొన్ని మాటలు. ప్రోగ్రాములో విలువలను దాచుకొనే పేర్లుంటవి, వాటిని చలరాశులంటాము. ఒక చలరాశిలో ఒక విలువను ఉంచే ఆజ్ఞకు అసైన్‌మెంటు అని పేరు. "మొత్తం = మొత్తం + ధర" అని నల్లబల్ల మీద వ్రాసిన మొదటి రోజున, గణితం బాగా వచ్చిన విద్యార్థి ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "సార్, ధర సున్న అయితే తప్ప ఇది ఎట్లా నిజమవుతుంది?" ఆ ప్రశ్న న్యాయమైనదే. రాబర్ట్ రికార్డ్ అనే గణితవేత్త 1557లో అచ్చయిన తన గ్రంథంలో సమానత్వానికి ఈ రెండు గీతల గుర్తును ప్రవేశపెట్టాడు. నాలుగు వందల ఏండ్ల తరువాత వచ్చిన ఫోర్‌ట్రాన్ భాష ఆ గుర్తునే తీసుకొని, "కుడివైపు విలువను ఎడమవైపు పేరులో ఉంచు" అనే ఆజ్ఞగా మార్చుకొన్నది. ఆల్గాల్ 60, తరువాత పాస్కల్ భాషలు ఈ తికమక వద్దని ":=" అనే వేరు గుర్తును పెట్టుకొన్నవి. అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్ చేసిన బి భాష, దాని నుండి 1970ల తొలి సంవత్సరాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాష మళ్ళీ ఒంటి గుర్తునే అసైన్‌మెంటుకు ఉంచి, రెండు విలువలు సమానమా అని అడగడానికి "==" అనే జంట గుర్తును వాడినవి. పోలిక కంటె అసైన్‌మెంటు ఎక్కువ సార్లు వస్తుంది కాబట్టి దానికి పొట్టి గుర్తు ఉండాలన్నది వారి తర్కం. ఈ ఒంటి గుర్తు, జంట గుర్తు అనే మాటలను పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి. నా కథంతా వీటి మీదనే నడుస్తుంది.

ఈ భాషలు అసైన్‌మెంటును మరింత క్లుప్తం చేసినవి. "మొత్తం = మొత్తం + ధర" అనడానికి బదులు "మొత్తం += ధర" అంటే చాలును. ఈ ఆలోచన ఆల్గాల్ 68 నుండి వచ్చింది. బి భాషలోనూ, తొలినాటి సి భాషలోనూ దీనిని తలక్రిందులుగా "=+" అని వ్రాసేవారు. దానివల్ల ఒక చిక్కు వచ్చింది. "నిలువ =-1" అని వ్రాస్తే, నిలువలో నుండి ఒకటి తీసివేయాలనా, నిలువలో ఋణ ఒకటిని ఉంచాలనా? వ్రాసినవాని మనసులో ఒకటి, యంత్రం గ్రహించినది మరొకటి కావచ్చును. 1976లో ఆ గుర్తును "+=" గా సరిదిద్దారు. మొదటి రూపం పొరపాటేననీ, భాషను చదివే ప్రోగ్రామును వ్రాయడానికి అది సులువుగా ఉండడం వల్ల ఆ పొరపాటు జరిగిందనీ రిచీ తరువాతి కాలంలో స్వయంగా వ్రాశాడు. అంత గొప్ప శాస్త్రజ్ఞుడు తన తప్పును దాచుకోలేదు.

"+=" అనే గుర్తును నేను దగ్గరి దారి అనే అంటాను. పేరును రెండుసార్లు వ్రాయడంలో రెండవసారి చేయి జారి వేరు పేరు పడే ప్రమాదమున్నది. పేరు పొడుగైనకొద్దీ, పట్టికలో ఎన్నో గడి అని లెక్క చెప్పవలసి వచ్చినకొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. చదివేవాడు కూడా రెండు వైపులా ఉన్నది ఒకే పేరా కాదా అని పోల్చి చూచుకోవాలి. ఒక్కసారే వ్రాస్తే ఆ అనుమానమే ఉండదు. ఇది మన తెలుగు వ్యాకరణంలోని సంధి వంటిది. "రామాలయం" అన్న మాటను పదవ తరగతి విద్యార్థి "రామ, ఆలయం" అని విడదీస్తాడు. ఎవరు విడదీసినా అట్లాగే విడిపోతుంది. వ్రాసినవాని ఇంటికి వెళ్ళి అడగనక్కరలేదు.

విడదీయరాని సంక్షేపాలూ ఉన్నవి. ఒక విలువను ఒకటి పెంచడానికి సి భాషలో "++" అనే గుర్తున్నది. "లెక్క++" అని ఒక పంక్తిలో ఒంటరిగా వ్రాస్తే ఏ బాధా లేదు. దానిని మరొక వాక్యం కడుపులో పెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది. లెక్కలో 5 ఉన్నదనుకొందాము. "వరుస = లెక్క++" అంటే వరుసలోకి పాత విలువ 5 పోయి, తరువాత లెక్క 6 అవుతుంది. "వరుస = ++లెక్క" అంటే లెక్క ముందుగా 6 అయి, వరుసలోకి ఆ 6 పోతుంది. రెండు చుక్కల వంటి గుర్తులు ముందున్నవా, వెనుకనున్నవా అన్న దానిమీద ఫలితం ఆధారపడుతుంది. ఇక "లెక్క = లెక్క++" అని వ్రాస్తే దాని ఫలితమేమిటో సి భాషా ప్రమాణం నిర్ణయించనేలేదు. ఒక యంత్రం మీద ఒక జవాబు, మరొక యంత్రం మీద మరొక జవాబు వచ్చినా అడిగే హక్కు మనకు లేదు.

ఇక నా కథ. 2018 వానాకాలపు పంట నాటికి నేను డిగ్రీ ముగించి, పని వెదుక్కొంటున్న రోజులు. మా ప్రాంతంలో వడ్ల కొనుగోలు జరిగే ఒకచోట రైతుల లెక్కలు కట్టే చిన్న ప్రోగ్రామును వ్రాసి ఇమ్మని నన్ను అడిగారు. ఆ సంవత్సరం కేంద్ర ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకానికి 1750 రూపాయలు, గ్రేడ్ ఏ రకానికి 1770 రూపాయలు. ప్రోగ్రాములో గ్రేడ్ ఏ రకానికి 1 అని, సాధారణ రకానికి 2 అని సంఖ్యలు పెట్టుకొన్నాను. లెక్క కట్టే పంక్తిని ఈ విధంగా వ్రాశాను. పాఠకుల సౌకర్యానికి తెలుగు పేర్లు పెడుతున్నాను:

మొత్తం += బరువు * ((రకం = 2) ? 1750 : 1770);

ప్రశ్నార్థకానికి ముందున్నది షరతు. అది నిజమైతే మొదటి ధర, కాకపోతే రెండవ ధర. నాలుగైదు పంక్తుల పనిని ఒక పంక్తిలో ముగించానని నాకు గర్వం. ఒక మిత్రునికి చూపిస్తే అతడూ మెచ్చుకొన్నాడు. కంపైలరు కూడా అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే సి భాష దృష్టిలో అది వ్యాకరణ సమ్మతమైన వాక్యమే. నేను పరీక్షించిన నమూనాలు సాధారణ రకానివే కావడంతో జవాబులు కూడా సరిగానే వచ్చినవి.

కొన్నాళ్ళకు ఒక వృద్ధ రైతు రెండు చీటీలు పట్టుకొని వచ్చాడు. ఒకటి తూకం వేసేవాడు పెన్సిలుతో వ్రాసినది, మరొకటి నా ప్రోగ్రాము అచ్చువేసినది. "బిడ్డా, నేను తెచ్చినవి ఏ గ్రేడు వడ్లు. తూకం చీటీల ఏ అనే ఉన్నది. నీ మిషను చీటీల మామూలు రకమని ఎట్ల పడ్డది?" అని అడిగాడు. ఆయన తెచ్చినవి 43 క్వింటాళ్ళు. క్వింటాలుకు 20 రూపాయల చొప్పున 860 రూపాయలు తగ్గినవి. "తాతా, కంప్యూటరు తప్పు చేయదు" అన్నాను. ఈ మాట తలచుకొంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆయన కోపగించుకోలేదు. "సరే, ఎట్ల లెక్క గట్టిందో చెప్పరాదు బిడ్డా" అన్నాడు.

తెర మీద ఆ పంక్తిని తెరిచాను. నేను వ్రాసిన పంక్తే. అది ఏమి చేస్తున్నదో ఆయనకు చెప్పబోయి చెప్పలేకపోయాను. అరగంట గడిచింది. ఆయన పక్కనే బల్ల మీద కూర్చుండి, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకొని, ఒక్క మాట మాట్లాడకుండా తెరవైపు చూస్తున్నాడు. చివరకు ఆ పంక్తిని కాగితం మీద ముక్కలు ముక్కలుగా విడదీసి వ్రాస్తే తప్పు కనిపించింది. జంట గుర్తు పెట్టవలసిన చోట ఒంటి గుర్తు పెట్టాను. "రకం రెండా?" అని అడగవలసిన చోట "రకాన్ని రెండు చేయి" అని ఆజ్ఞాపించాను. సున్న కాని ఏ విలువనైనా సి భాష నిజంగానే పరిగణిస్తుంది కాబట్టి, ఎవరి వడ్లు ఏ రకమైనా 1750 రూపాయల ధరే పడింది.

అంతకంటె పెద్ద హాని మరొకటి జరిగింది. ఆ పంక్తి ధరను తప్పుగా ఎన్నుకోవడమే గాక, రకాన్ని కూడా రెండుగా మార్చివేసింది. లెక్క ముగిసిన తరువాత ప్రోగ్రాము ఆ మారిన రకాన్నే దస్త్రంలో భద్రపరచింది. సాక్షిని విచారించడానికి వెళ్ళిన మనిషి సాక్ష్యాన్నే తుడిచివేసి వచ్చినట్లయింది. తప్పు తెలిసిన తరువాత ఎవరెవరికి ఎంత బాకీ పడ్డామో లెక్క చూద్దామంటే, కంప్యూటరులో అందరివీ సాధారణ రకం వడ్లే. తూకం చీటీలను దాచుకొన్న రైతులకు పెన్సిలుతో వ్రాసిన "ఏ" అన్న ఒక్క అక్షరం ఆధారమైంది; వారి డబ్బు వారికి తిరిగి ఇచ్చారు. చీటీలు పారవేసుకొన్న వారి న్యాయం నా ఒక్క పంక్తి కింద పడి పోయింది.

ఆ రాత్రి మా దాదా గుర్తుకు వచ్చారు. నిజాం కాలంలో ఆయన ఒక పట్వారీ వద్ద వ్రాతపని చేసేవారు. హైదరాబాద్ రాష్ట్రంలో 1880ల దశకంలో ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయినది గదా. మన పహాణీలు, దస్తావేజులు అన్నీ ఉర్దూలోనే ఉండేవి. వాటిని చాలావరకు షికస్తా లిపిలో వ్రాసేవారు. షికస్తా అంటే ఫారసీలో "విరిగినది" అని అర్థం. కలపరాని అక్షరాలను కలిపి, చుక్కలు వదిలి, కలం ఎత్తకుండా వేగంగా వ్రాసే పద్ధతి అది. అంకెలను కూడా అరబ్బీ సంఖ్యావాచకాలను కుదించిన గుర్తులతో వ్రాసేవారు. దఫ్తరులో అందరూ ఒకే గురువు వద్ద నేర్చినవారు. ఒకరి వ్రాత మరొకరికి అద్దంవలె కనిపించేది. ఆ దఫ్తరు మనుషులు పోయారు. 1984లో పట్వారీ వ్యవస్థ కూడా రద్దయింది. కాగితాలు మాత్రం మిగిలినవి. ఒకసారి పొలం తగాదాలో పడిన ఒక కుటుంబం పాత కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఉర్దూ మాధ్యమంలో చదివిన నేను మా దాదా వ్రాసిన ఉర్దూను రెండు పంక్తులు కూడా చదవలేకపోయాను.

ఉర్దూ చదివే మిత్రులకు ఒక ఉదాహరణ చెబుతాను. అలిఫ్, సీన్ అనే రెండక్షరాలు కలిపి వ్రాసి, అలిఫ్ కింద జేర్ పెడితే "ఇస్" అవుతుంది, అనగా "ఈ". పైన పేష్ పెడితే "ఉస్" అవుతుంది, అనగా "ఆ". వాడుకలో ఈ గుర్తులను ఎవరూ పెట్టరు. సందర్భాన్ని బట్టి గ్రహిస్తారు. ఉత్తరంలో అయితే ఇబ్బంది లేదు. "ఈ పొలం" అనా, "ఆ పొలం" అనా అన్నది తేలవలసిన కాగితంలో ఆ చిన్న గీతే ఒక కుటుంబానికి జీవనాధారం. అందుకే పవిత్ర ఖురాన్ ప్రతులలో జేర్, జబర్, పేష్ ఒక్కటి కూడా వదలకుండా అచ్చువేస్తారు. అరబ్బీ మాతృభాష కాని వాడు కూడా ఒక్క అక్షరం తప్పకుండా చదవాలి అన్నది అందులోని శ్రద్ధ. మా దాదా నేరమేమీ లేదు. ఆయన తన కాలపు పాఠకుని కొరకు వ్రాశారు. మూడవ తరంలో ఒక మనవడు కూర్చుండి చదువుతాడని ఆయన ఊహించి ఉండరు. నాకు మాత్రం ఆ సాకు కూడా లేదు. నా వ్రాతను నేనే, అదీ కొద్ది వారాలకే, చదవలేకపోయాను.

ఇటువంటి పొరపాటు అనుభవం లేని వారికే జరుగుతుందని అనుకోవద్దు. 2003 నవంబరులో ప్రపంచ ప్రసిద్ధమైన లినక్స్ మూల ప్రోగ్రాము యొక్క ఒక ప్రతిలో ఎవరో రహస్యంగా రెండు పంక్తులు చేర్చారు. చూడడానికి అది "ఈ ఆజ్ఞ ఇచ్చినవాని సంఖ్య సున్నయా?" అని అడిగే మామూలు తనిఖీ. లినక్స్‌లో సున్న అంటే సర్వాధికారి సంఖ్య. అక్కడ జంట గుర్తుకు బదులు ఒంటి గుర్తు ఉన్నది. అనగా ఒక ప్రత్యేక పద్ధతిలో ఆజ్ఞ ఇచ్చిన వానిని ఆ పంక్తి సర్వాధికారిని చేసివేస్తుంది. నేను తెలియక చేసినదానిని అక్కడ తెలిసి చేశారు. అసలు ప్రతితో పోల్చినప్పుడు తేడా కనిపించడం వల్ల ఆ పన్నాగం బయటపడింది. ఒక్క గీత తగ్గిస్తే చదివేవాని కన్ను దానిని పట్టుకోలేదని ఆ దొంగకు బాగా తెలుసు.

ఈ అనుభవాల వల్లనే కాబోలు, తరువాతి భాషలు కొన్ని త్రోవలకు కంచె వేసినవి. పైథాన్ భాషలో షరతులో ఒంటి గుర్తు పెడితే అది తప్పు వాక్యమే. ప్రోగ్రాము నడవనే నడవదు. ఆ భాష "++" ను స్వీకరించలేదు; "+=" ను మాత్రం 2000 సంవత్సరంలో స్వీకరించింది. 2009లో వచ్చిన గో భాష "++" ను ఒంటరి వాక్యంగానే అనుమతించింది, మరొక వాక్యం కడుపులో పెట్టనివ్వదు. స్విఫ్ట్ భాష మొదట "++" ను ఉంచుకొని, 2016 నాటి మూడవ రూపంలో తీసివేసింది. అయితే క్లుప్తత మీద కోరిక చచ్చేది కాదు. షరతులోనే విలువను ఉంచడానికి ":=" అనే గుర్తును పైథాన్‌లో చేర్చాలన్న ప్రతిపాదన మీద 2018లో తీవ్రమైన వాదోపవాదాలు జరిగినవి. దానిని ఆమోదించిన తరువాత, ఆ కలహంతో విసిగి, భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ తన తుది నిర్ణయాధికారాన్ని వదులుకొన్నాడు. 2019లో ఆ గుర్తు పైథాన్ 3.8లో వచ్చింది. అందులోనూ ఒక జాగ్రత్త ఉన్నది: పోలిక గుర్తుతో పొరపడకుండా వేరు రూపం ఇచ్చారు.

కాబట్టి క్లుప్తత అంతా చెడ్డదని నేననను. 1959లో రూపుదిద్దుకొన్న కోబాల్ భాషలో కూడికను కూడా "ధరను మొత్తానికి కలుపుము" అన్నట్లు ఆంగ్ల వాక్యంగా వ్రాయవచ్చును. అది చదవడానికి సులువే, కాని పొడుగైన లెక్కలో అసలు విషయం మాటల మధ్య మరుగున పడిపోతుంది. నేను పెట్టుకొన్న నియమాలు రెండే. సంక్షేపాన్ని విడదీస్తే, ఎవరు విడదీసినా ఒకే విధంగా విడిపోవాలి. ఒక పంక్తి ఒక్క పనే చేయాలి. అడిగేది అడగాలి, మార్చేది మార్చాలి, అడుగుతూ మార్చరాదు. ఈ రెంటికీ నిలిచిన సంక్షేపాన్ని నిస్సంకోచంగా వాడుతాను. "+=" నిలుస్తుంది. ఒంటరిగా నిలబడిన "++" నిలుస్తుంది. నా గర్వానికి కారణమైన ఆ పంక్తి నిలువలేదు.

ఆ పంక్తిని నేను ఈ విధంగా విడదీసి వ్రాశాను: మొదట "ధర = 1770"; తరువాత "రకం == 2" అయితే "ధర = 1750"; చివరకు "మొత్తం += బరువు * ధర". మూడు పంక్తులైనవి. యంత్రానికి దీనివల్ల పెరిగిన శ్రమ ఏమీ లేదు. నా తరువాత ఆ ప్రోగ్రామును చూడడానికి వచ్చిన కుర్రవాడు, మద్దతు ధరలు మారినప్పుడు నన్ను ఒక్క మాట కూడా అడగకుండా అంకెలు మార్చుకొన్నాడు. అతడు నాకు ఫోను చేయకపోవడమే నాకు దొరికిన యోగ్యతాపత్రం.

చెప్పేవానికి వినేవాడు లోకువ అని మన సామెత. వ్రాసేవానికి చదివేవాడు అంతకంటె లోకువ, ఎందుకంటే చదివేవాడు అప్పటికి ఎదుట ఉండడు. మిత్రులారా, మీలో చాలామంది రేపు బ్యాంకులలో, ఆస్పత్రులలో, ప్రభుత్వ కార్యాలయాలలో నడిచే ప్రోగ్రాములు వ్రాస్తారు. మీరు వ్రాసే ప్రతి పంక్తి వెనుక ఒక పింఛను, ఒక పొలం, ఒక పిల్లవాని ఉపకార వేతనం ఉండవచ్చును. పంక్తిని ముగించే ముందు, పక్కన బల్ల మీద తలపాగా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న ఆ వృద్ధుని ఒకసారి తలచుకోండి. "ఎట్ల లెక్క గట్టిందో చెప్పరాదు బిడ్డా" అని ఆయన అడిగితే, తడుముకోకుండా చెప్పగలరా అని చూచుకోండి.

మరుసటి పంటకు ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి చీటీ మీద రకం, బరువు, ధర, గుణకారం వేరు వేరుగా అచ్చుపడినవి. ఆరవ తరగతి చదివే మనవనితో చదివించుకొని, వ్రేళ్ళ మీద లెక్క సరిచూచుకొని, చీటీ మడిచి జేబులో పెట్టుకొన్నాడు. నన్ను ఏమీ అడగలేదు.